ఫోలిక్ యాసిడ్: ఏ మాత్ర, ఎంత మోతాదు, ఎప్పటి నుంచి?

పిల్లలు కావాలనుకుని డాక్టరు దగ్గరికి వెళ్లినా, నెల తప్పాక వెళ్లినా, చీటీలో దాదాపు మొదట కనిపించే పేరు ఫోలిక్ యాసిడ్. కొనబోయేటప్పుడే చిక్కు మొదలవుతుంది. ఒక డబ్బా మీద 400 మైక్రోగ్రాములని ఉంటుంది, ఇంకోదాని మీద 5 మిల్లీగ్రాములని ఉంటుంది. ఒకటి ఉత్త ఫోలిక్ యాసిడ్, ఒకటి ఐరన్‌తో కలిపింది, మరోదాంట్లో ఇరవై రకాల విటమిన్ల మధ్య ఎక్కడో ఒక వరుసలో దాని పేరుంటుంది. ఇవి చాలవన్నట్టు ఇప్పుడు మిథైల్‌ఫోలేట్ ఒకటి వచ్చింది, మామూలు దానికన్నా మేలైనదన్న ప్రచారంతో సహా. వీటిలో ఏది తీసుకోవాలి?

జవాబు ముందే చెప్పేస్తాను. ప్రత్యేకమైన ఆరోగ్య సమస్యలేవీ లేనివాళ్లకు రోజుకు 400 మైక్రోగ్రాముల మామూలు ఫోలిక్ యాసిడ్ చాలు. ఏ కంపెనీది, ఏ రూపం అంటూ పడే హైరానాలో సగమైనా ఎప్పుడు మొదలుపెట్టాలన్న దాని మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. అయితే కొందరికి 400 సరిపోదు. ఆ కొందరిలో మీరున్నారా లేదా అన్నది తేల్చుకోవడమే ఈ ఎంపికలో జాగ్రత్తగా చేయాల్సిన పని.

ముందు రోజుల లెక్క

పిండం తయారయ్యేటప్పుడు మెదడూ వెన్నుపామూ రెండూ న్యూరల్ ట్యూబ్ అనే ఒక సన్నటి గొట్టం నుంచే ఏర్పడతాయి. మొదట్లో అది గొట్టంలా ఉండదు, చదునైన పొరలా ఉంటుంది. ఆ పొర అంచులు రెండూ పైకి లేచి, ఒకదానికొకటి దగ్గరగా వంగి అతుక్కుంటాయి. ఎక్కడైనా అతుకు పడకపోతే అక్కడ లోపం మిగిలిపోతుంది. కింది భాగంలో మిగిలితే స్పైనా బైఫిడా అంటారు. వెన్నెముక పూర్తిగా మూసుకోదు. దాని తీవ్రతను బట్టి బిడ్డకు కాళ్లలో చచ్చుదనం, మలమూత్రాల మీద అదుపు లేకపోవడం, తలలో నీరు చేరడం లాంటి ఇబ్బందులు వస్తాయి. పైభాగంలో మిగిలితే అనెన్‌సెఫలీ. మెదడు, పుర్రె చాలావరకు ఏర్పడవు కాబట్టి ఆ బిడ్డ బతకదు. కణాలు వేగంగా విడిపోతూ పెరుగుతున్న ఈ దశలో డి.ఎన్.ఎ. తయారీకి ఫోలేట్ అనే బి విటమిన్ కావాలి. ఫోలిక్ యాసిడ్ అంటే ఆ విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసిన రూపమే.

ఈ అతుకు పని మొత్తం ఫలదీకరణ జరిగిన 28 రోజుల్లోపే ముగిసిపోతుంది. దీన్ని క్యాలెండర్ మీద పెట్టి చూడండి. నెలసరి 28 రోజులకోసారి వచ్చేవారిలో అండం విడుదలయ్యేది సుమారు 14వ రోజున. అక్కడి నుంచి 28 రోజులంటే, ఆఖరి నెలసరి మొదలైన నాటి నుంచి 42వ రోజు. నెల తప్పిందని అనుమానం వచ్చేది 29వ రోజు దాటాక. అంటే అనుమానం వచ్చిన రోజుకీ న్యూరల్ ట్యూబ్ మూసుకునే రోజుకీ మధ్య మిగిలేది రెండు వారాలు. టెస్టు చేసుకోవడానికి ఒక వారం ఆగి, అపాయింట్‌మెంట్ కోసం మరో వారం ఆగితే ఆ రెండూ అయిపోతాయి. నెలసరి సరిగ్గా రానివాళ్లకయితే అనుమానమే ఆలస్యంగా వస్తుంది.

ఇంకో సంగతి ఉంది. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే రక్తంలో ఫోలేట్ పెరుగుతుంది, కానీ నిల్వలు నిండడానికి చాలా సమయం పడుతుంది. ఎర్ర రక్తకణం ఫోలేట్‌ను ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడే నింపుకుంటుంది, రక్తంలోకి వచ్చాక నింపుకోలేదు. ఒక్కో కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. పాత కణాలు పోయి, ఫోలేట్ దండిగా ఉన్న కొత్తవి వాటి స్థానంలోకి రావాలంటే నెలలు కావాలి. అందుకే ఒక నెల ముందు మొదలుపెట్టడం కనీసం, మూడు నెలల ముందయితే మంచిది.

గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవారు అవి ఆపేదాకా ఎదురుచూడనక్కర్లేదు. ఆపుదామనుకున్న దానికి రెండు మూడు నెలల ముందు నుంచే పక్కన ఇదీ వేసుకోవచ్చు, రెండూ ఒకదానికొకటి అడ్డురావు. ఐ.వి.ఎఫ్. లాంటి చికిత్సకు సిద్ధమవుతున్నవారికీ అంతే. ఎలాగూ తేదీలన్నీ ముందే తెలుస్తాయి కాబట్టి నిజానికి వాళ్లకే ఇది తేలిక.

మరి, ఇప్పుడప్పుడే పిల్లలొద్దు, కానీ గర్భం రాదన్న గ్యారంటీ కూడా లేదు అనుకునేవాళ్ల సంగతి? ప్రపంచంలో వచ్చే గర్భాల్లో దాదాపు సగం అనుకోకుండా వచ్చేవే. అందుకే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య విభాగం 1992లోనే, గర్భం వచ్చే అవకాశమున్న స్త్రీలంతా రోజూ 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని సలహా ఇచ్చింది. 'ప్లాన్ చేసుకునేవాళ్లు' అనలేదు, 'అవకాశమున్నవాళ్లు' అంది. ఎంతోమందికి ఇది అతిగా అనిపిస్తుంది గానీ, పై లెక్క చూశాక నాకు మాత్రం అనిపించదు.

400 మైక్రోగ్రాములా, 5 మిల్లీగ్రాములా?

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే. 400 మైక్రోగ్రాములంటే 0.4 మిల్లీగ్రాములు. 5 మిల్లీగ్రాములంటే దానికి పన్నెండున్నర రెట్లు. డబ్బా మీద ఒక చోట 'మైక్రో', ఒక చోట 'మిల్లీ' అని రాయడం వల్ల, అంకెలు మాత్రమే చూసేవాళ్లు 400 ఎక్కువ, 5 తక్కువ అనుకుంటారు.

ఈ రెండు మోతాదులూ రెండు వేర్వేరు ప్రశ్నల నుంచి పుట్టాయి. మొదటి ప్రశ్న: ఒకసారి ఇలాంటి లోపంతో గర్భం వచ్చినవాళ్లకు మళ్లీ రాకుండా ఆపగలమా? బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 7 దేశాల్లోని 33 కేంద్రాల్లో జరిపిన పరిశోధన 1991లో దీనికి జవాబు చెప్పింది. రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవారిలో 593 గర్భాలకు 6 చోట్ల లోపం తిరగబెట్టింది. తీసుకోనివారిలో 602కు 21. అంటే ముప్పు 72 శాతం తగ్గింది. తేడా అంత స్పష్టంగా కనబడేసరికి పరిశోధనను అనుకున్న గడువుకన్నా ముందే ఆపేశారు. ఫోలిక్ యాసిడ్ లేకుండా మిగతా విటమిన్లు మాత్రమే ఇచ్చిన గుంపులో అలాంటి రక్షణ కనిపించలేదన్నది కూడా గుర్తుంచుకోవాల్సిన విషయం.

రెండో ప్రశ్న: ఎప్పుడూ ఏ సమస్యా లేనివాళ్ల మాటేమిటి? 1992లో హంగరీలో 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మల్టీవిటమిన్ ఇచ్చి చూశారు. అది తీసుకున్నవారిలో ఈ లోపం ఒక్కటీ రాలేదు, తీసుకోనివారిలో 6 వచ్చాయి. ఆ తర్వాత 1999లో వెలువడిన చైనా ఫలితాలు 400 మైక్రోగ్రాముల సంగతి తేల్చాయి. ఈ లోపాలు ఎక్కువగా ఉండే ఉత్తర ప్రాంతంలో ఫోలిక్ యాసిడ్ తీసుకోనివారిలో వెయ్యి గర్భాలకు 4.8 ఉంటే, గర్భానికి ముందు నుంచి క్రమంగా తీసుకున్నవారిలో 1.0. మొదటి నుంచీ తక్కువగా ఉన్న దక్షిణ ప్రాంతంలో 1.0 నుంచి 0.6కు తగ్గింది. ఇచ్చింది 400 మైక్రోగ్రాములే, అదీ ఉత్త ఫోలిక్ యాసిడ్.

కాబట్టి పెద్ద మోతాదు ముప్పు ఎక్కువున్నవారి కోసం. ఎవరు వాళ్లు? గతంలో ఇలాంటి లోపంతో గర్భం వచ్చినవారు, తమకు గానీ బిడ్డ తండ్రికి గానీ పుట్టుకతో ఆ లోపం ఉన్నవారు. వీళ్ల విషయంలో వైద్యుల మధ్య భేదాభిప్రాయం లేదు. ఆ తర్వాతి జాబితా మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో దగ్గరి కుటుంబంలో ఈ లోపం ఉన్నవారికి, గర్భానికి ముందే షుగర్ ఉన్నవారికి, ఫిట్స్ మందులు వాడేవారికి, సికిల్ సెల్, తలసీమియా లాంటి రక్త జబ్బులు ఉన్నవారికి 5 మిల్లీగ్రాములు రాస్తారు. అమెరికాలో పెద్ద మోతాదును ముఖ్యంగా మొదటి గుంపుకే పరిమితం చేస్తారు. కెనడాలో 1 మిల్లీగ్రాము అనే మధ్య మెట్టు కూడా ఉంది. పేగుల్లో పోషకాలు సరిగ్గా పీల్చుకోని సీలియాక్ లాంటి జబ్బులున్నవారు, బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నవారు కూడా మోతాదు గురించి విడిగా అడగాలి. పరిశోధనలో వాడింది 4 అయితే చాలాచోట్ల 5 ఎందుకు రాస్తారంటే, దొరికే మాత్ర ఆ సైజులో ఉండటమే కారణం.

మందుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రొయేట్ స్పైనా బైఫిడా ముప్పును బాగా పెంచుతుంది. 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే ఆ ముప్పంతా పోతుందని అనుకోకూడదు. అలాగని ఎవరికి వారు ఆపేయడం ఇంకా ప్రమాదం. గర్భం రాకముందే న్యూరాలజిస్టుతో మాట్లాడి మందు మార్చుకోవడం కుదురుతుందేమో చూడాలి. ఫెనిటాయిన్ అనే మరో ఫిట్స్ మందు వాడేవారిలో పెద్ద మోతాదు ఫోలిక్ యాసిడ్ ఆ మందు స్థాయిని తగ్గించవచ్చు, కాబట్టి ఇదీ చెప్పకుండా మొదలుపెట్టకూడదు. ఇక కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్ పని చేసేదే ఫోలేట్‌ను అడ్డుకోవడం ద్వారా. దానితో పాటు వారానికోసారి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర దుష్ఫలితాలు తగ్గించడానికే. 'ఫోలిక్ యాసిడ్ ఎలాగూ వేసుకుంటున్నాగా' అన్న ధీమాతో మెథోట్రెక్సేట్ మీద ఉండగా గర్భం తెచ్చుకోకూడదు. ఆ మందు ముందుగా ఆపి, డాక్టరు చెప్పినన్నాళ్లు ఆగాల్సిందే.

ఎక్కువ వేసుకుంటే ఇంకా మంచిదే కదా, అందరికీ 5 ఇస్తే పోలా? ఈ ప్రశ్న న్యాయమైనదే. మామూలు ముప్పు ఉన్నవారిలో 400 మీద 5 మిల్లీగ్రాములు అదనంగా రక్షిస్తుందని రుజువు కాలేదు. గర్భంలో బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియాకు పెద్ద మోతాదు పనికొస్తుందేమోనని ముప్పున్న స్త్రీలకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన పరిశోధన ఫలితం 2018లో వచ్చింది, ప్రయోజనం కనబడలేదు. మరోపక్క ఒక చిక్కు ఉంది. బి12 లోపం ఉన్నవారిలో పెద్ద మోతాదు ఫోలిక్ యాసిడ్ రక్తహీనతను సరిచేసి, లోపాన్ని కప్పేస్తుంది. రక్తపరీక్ష బాగానే కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూ ఉంటాయి. అమెరికాలో పెద్దలకు డాక్టరు సలహా లేకుండా రోజుకు 1000 మైక్రోగ్రాములు దాటొద్దని హద్దు పెట్టింది ఇందుకే. బి12 సహజంగా దొరికేది జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే. కాబట్టి శాకాహారులు, ముఖ్యంగా పాలు కూడా ముట్టనివారు, 5 మిల్లీగ్రాముల మాత్ర మొదలుపెట్టే ముందు బి12 పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇన్నాళ్లూ తెలియక 5 వేసుకుంటున్నవారు ఇది చదివి టెన్షన్ పడక్కర్లేదు. ఇది నీటిలో కరిగే విటమిన్, మిగులు చాలావరకు మూత్రంలో పోతుంది. బిడ్డకు హాని జరిగిపోయిందేమోనన్న దిగులు అక్కర్లేదు. తర్వాతిసారి వెళ్లినప్పుడు 'నాకు 5 ఎందుకు రాశారు?' అని అడగండి. కారణం ఉంటే చెబుతారు, లేకపోతే 400కు మారుస్తారు.

పెద్ద మోతాదు అవసరమైనవారు చేయకూడని పని ఒకటుంది. 400 మైక్రోగ్రాములున్న మల్టీవిటమిన్ మాత్రలు రోజుకు పది మింగితే 4 మిల్లీగ్రాములు వస్తుంది కదా అని లెక్కవేయడం. ఆ పది మాత్రలతో పాటు పది వంతుల విటమిన్ ఎ కూడా లోపలికి పోతుంది. రెటినాల్ రూపంలో విటమిన్ ఎ రోజుకు 10,000 యూనిట్లు దాటితే అదే బిడ్డకు పుట్టుక లోపాలు తెచ్చే ప్రమాదం ఉంది. మోతాదు పెంచాలంటే విడి ఫోలిక్ యాసిడ్ మాత్రతోనే పెంచాలి.

ఫోలిక్ యాసిడా, మిథైల్‌ఫోలేటా?

మిథైల్‌ఫోలేట్ వైపు వాదన ఇలా సాగుతుంది: ఫోలిక్ యాసిడ్ శరీరంలో కొన్ని మెట్లు మారి చివరికి మిథైల్‌ఫోలేట్ అవుతుంది. ఆ మార్పులో ఒక మెట్టు ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అనే ఎంజైమ్ పని. కొందరిలో ఆ జన్యువులో తేడా ఉండి ఎంజైమ్ మందకొడిగా పనిచేస్తుంది. కాబట్టి వాళ్లకు ఫోలిక్ యాసిడ్ పనికిరాదు, నేరుగా మిథైల్‌ఫోలేటే ఇవ్వాలి.

మొదటి మూడు వాక్యాలూ నిజమే. తేడా వచ్చింది చివరి వాక్యంలో. ఆ జన్యువు రెండు ప్రతుల్లోనూ తేడా ఉన్నవారు ఫోలిక్ యాసిడ్ తీసుకున్నప్పుడు, అంతే తీసుకున్న మిగతావారితో పోలిస్తే రక్తంలో ఫోలేట్ సుమారు 16 శాతం తక్కువ ఉంటుంది. తక్కువ ఉండటం వేరు, పనికిరాకపోవడం వేరు. వాళ్ల శరీరమూ ఫోలిక్ యాసిడ్‌ను వాడుకుంటుంది. ఇంతకుముందు చెప్పిన పరిశోధనల్లో ఎవరి జన్యువూ చూసి మాత్ర ఇవ్వలేదు. అందరికీ ఒకటే ఇచ్చారు, లోపాలు తగ్గాయి.

మిథైల్‌ఫోలేట్ రక్తంలో ఫోలేట్‌ను బాగానే పెంచుతుంది, అందులో అనుమానం లేదు. కానీ న్యూరల్ ట్యూబ్ లోపాలను ఆపుతుందని మనుషుల మీద పరీక్షించి నిరూపించింది ఫోలిక్ యాసిడ్ విషయంలోనే. ఈ రెండింటి మధ్య నన్ను ఎంచుకోమంటే, రుజువున్న దాన్నే ఎంచుకుంటాను. ధర కూడా సాధారణంగా అదే తక్కువ. ఇప్పటికే మిథైల్‌ఫోలేట్ వాడుతున్నవారు అది విషమేమో అన్నట్టు పారేయక్కర్లేదు, దాన్ని ఫోలిక్ యాసిడ్‌తో మార్చుకోవడమో, పక్కన 400 మైక్రోగ్రాములు చేర్చుకోవడమో డాక్టరుతో మాట్లాడితే సరిపోతుంది. ఈ ఒక్క నిర్ణయం కోసం జన్యు పరీక్ష చేయించుకోవడం మాత్రం డబ్బు దండగ. ఫలితం ఏదొచ్చినా సలహా మారదు.

ఫోలినిక్ యాసిడ్ అని పేరు దగ్గరగా ఉన్న మరో మందుంది. అది వేరే అవసరాలకు, కొన్ని చికిత్సల్లో ఇచ్చేది. కొనేటప్పుడు పేరు సరిగ్గా చూసుకుంటే చాలు.

కొన్ని డబ్బాల మీద '667 మైక్రోగ్రాములు డి.ఎఫ్.ఇ.' అని ఉంటుంది. కంగారు పడొద్దు, అందులో ఉన్నది 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడే. ఆహారంలోని ఫోలేట్‌కన్నా మాత్రలోనిది ఒంటికి ఎక్కువగా పడుతుంది కాబట్టి, ఆహారంతో సమానం చేసి చూపే కొలత అది. గర్భిణికి రోజుకు 600, పాలిచ్చే తల్లికి 500 అని మీరు చదివే అంకెలు కూడా ఈ కొలతలోనివే, అదీ అన్ని దారుల్లో వచ్చేది కలుపుకుని.

ఉత్తదా, ఐరన్‌తో కలిపిందా, మల్టీవిటమినా?

గర్భానికి ముందు, రక్తహీనత లేకపోతే, ఉత్త ఫోలిక్ యాసిడ్ చాలు. చిన్న మాత్ర, రుచి వాసన పెద్దగా ఉండవు, పొట్టలో గొడవ చేయదు. మానకుండా వేసుకోగలిగే మాత్ర ఏదో అదే మంచి మాత్ర అన్నది నా లెక్క.

ఐరన్ కలిసిన మాత్రతో ఇబ్బంది సరిగ్గా ఇక్కడే వస్తుంది. ఐరన్ వల్ల కొందరికి వికారం, మలబద్ధకం, కడుపునొప్పి వస్తాయి, మలం నల్లగా వస్తుంది. అసలే వేవిళ్లతో సతమతమయ్యే మొదటి నెలల్లో ఇది తోడైతే, 'ఈ మాత్ర నాకు పడట్లేదు' అని మొత్తంగా మానేస్తారు. పడనిది ఐరన్, పోయేది ఫోలిక్ యాసిడ్. ఆ పరిస్థితి వస్తే రెండూ మానేయకుండా, కొన్నాళ్లు ఉత్త ఫోలిక్ యాసిడ్ మాత్రకు మారి, వాంతులు తగ్గాక ఐరన్ మళ్లీ మొదలుపెట్టొచ్చా అని డాక్టరును అడగాలి. రక్తహీనత ముందే ఉన్నవారికి మాత్రం ఐరన్ వాయిదా వేయడం మంచిది కాదు. మాత్ర రకం మార్చడమో, రాత్రి పడుకునే ముందు వేసుకోవడమో ప్రయత్నించాలి.

గర్భిణికి రోజుకు 30 నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇక్కడ 60 అంటే అసలు ఐరన్. మాత్ర మీద పెద్ద అక్షరాల్లో ఉండేది చాలాసార్లు ఐరన్ లవణం బరువు. ఎండబెట్టిన ఫెర్రస్ సల్ఫేట్ 200 మిల్లీగ్రాములని ఉంటే, అందులో అసలు ఐరన్ సుమారు 65 మిల్లీగ్రాములే. 'ఎలిమెంటల్ ఐరన్' అని రాసిన చిన్న వరుస వెతికి చూడాలి.

గర్భిణుల కోసం చేసిన మల్టీవిటమిన్లు మంచివే, ముఖ్యంగా తిండి సరిగ్గా సహించనివారికి. అయోడిన్, విటమిన్ డి, బి12 కూడా ఒకే మాత్రలో వస్తాయి. కొనేముందు రెండు చూడాలి: ఫోలిక్ యాసిడ్ కనీసం 400 మైక్రోగ్రాములు ఉందా, విటమిన్ ఎ ఏ రూపంలో ఉంది. బీటా కెరొటిన్ అయితే దిగులు లేదు. రెటినాల్ అయితే పరిమాణం చూడాలి. జుట్టుకనీ చర్మానికనీ అమ్మే మామూలు మల్టీవిటమిన్లు దీనికి బదులు కావు.

థైరాయిడ్ మాత్ర వాడేవారికి ఒక జాగ్రత్త. ఐరన్, క్యాల్షియం రెండూ ఆ మందును ఒంటికి పట్టనివ్వవు. రెంటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకుంటే, ఐరన్ ఉన్నది సాయంత్రానికి పెట్టుకోవడం సులువు. ఉత్త ఫోలిక్ యాసిడ్‌కు ఈ బెడద లేదు. పొద్దున, రాత్రి, తిన్నాక, తినకముందు, ఎప్పుడైనా సరే. ఒకరోజు మర్చిపోతే మర్నాడు మామూలుగా ఒకటే, రెండు వేసుకోనక్కర్లేదు.

తిండితో సరిపెట్టుకోలేమా?

ఆకుకూరలు, పప్పుదినుసులు, నారింజ జాతి పండ్లు, గుడ్లు ఇవన్నీ ఫోలేట్ ఇస్తాయి. తప్పకుండా తినాలి. కానీ ఆహారంలోని ఫోలేట్ వేడికి దెబ్బతింటుంది, ఉడికించిన నీళ్లలోకి దిగిపోతుంది, మిగిలిన దాంట్లోనూ ఒంటికి పట్టేది సుమారు సగం. రోజూ కొలిచినట్టు అందడం కష్టం. కొన్ని దేశాల్లో పిండిలోనే ఫోలిక్ యాసిడ్ కలపాలని చట్టం ఉంది. అమెరికా, కెనడా 1998లో తప్పనిసరి చేశాయి, ఆ తర్వాత అమెరికాలో ఈ లోపాలు పావు వంతుకు పైగా తగ్గాయి. ప్లాన్ చేసుకోని గర్భాలకు కూడా అది రక్ష. అయినా అక్కడి వైద్యులు కూడా మాత్ర మానమని చెప్పరు. తిండీ మాత్రా రెండూ ఉండాలి, ఒకదానికి ఒకటి బదులు కాదు.

ఇప్పటికే నెల తప్పింది, ఒక్క మాత్రా వేసుకోలేదు

ఈరోజే మొదలుపెట్టండి. అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఆఖరి నెలసరి మొదలైన నాటి నుంచి ఆరు వారాలు నిండకపోతే న్యూరల్ ట్యూబ్‌కే ఇంకా ఉపయోగపడే అవకాశముంది. దాటిపోయినా, పెరుగుతున్న బిడ్డకూ మాయకూ, మీ రక్తం పెరగడానికీ ఫోలేట్ కావాలి.

భయం గురించి ఒక మాట. ఫోలిక్ యాసిడ్ తీసుకోనివారిలో కూడా అత్యధికులకు ఈ లోపం లేని బిడ్డలే పుడతారు. పైన చెప్పిన చైనా అంకెల్లో బాగా ఎక్కువున్న ప్రాంతంలోనే వెయ్యికి 4.8, అంటే మిగతా 995 గర్భాల్లో ఆ లోపం లేదు. మాత్ర ఆ చిన్న ముప్పును ఇంకా చిన్నది చేస్తుంది, పూర్తిగా తుడిచెయ్యదు. వేళకు మొదలుపెట్టి క్రమంగా వేసుకున్నా కొన్ని లోపాలు వస్తాయి, ఎందుకంటే అన్నిటికీ కారణం ఫోలేట్ కొరత కాదు. అలాంటప్పుడు తల్లి ఎక్కడో తప్పుచేసిందన్నట్టు మాట్లాడేవాళ్లను పక్కన పెట్టండి. ముందు వేసుకున్నా వేసుకోకపోయినా, 18 నుంచి 20 వారాల మధ్య చేసే వివరమైన స్కాన్ మాత్రం తప్పించుకోకూడదు. వెన్నెముక, తల ఆకారం అందులో చూస్తారు.

ఎప్పటిదాకా?

న్యూరల్ ట్యూబ్ వరకే అయితే 12 వారాలకల్లా పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. బ్రిటన్‌లో విడి మాత్రను అక్కడే ఆపేయమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరన్‌తో కలిపి కాన్పుదాకా కొనసాగించమంటుంది. రెండూ సరైనవే, చూసే కోణం వేరు. 12 వారాల తర్వాత ఇది చేసేది రక్తహీనత రాకుండా చూసే పని. అసలు ఫోలేట్ కథ మొదలైంది కూడా అక్కడే. లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయిలో గర్భిణులకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను పరిశీలిస్తూ, ఈస్ట్ సారం ఇస్తే అది నయమవుతుందని 1931లో రాశారు. ఆ సారంలో ఉన్న పదార్థమే తర్వాత ఫోలిక్ యాసిడ్‌గా తేలింది. వెన్నుపాముతో దీనికున్న సంబంధం రుజువు కావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. రక్తహీనత ముప్పు ఎక్కువున్నవారు, తిండి సరిగ్గా సహించనివారు, కవలలు ఉన్నవారు కొనసాగించడమే నయమని నా అభిప్రాయం.

5 మిల్లీగ్రాముల మీద ఉన్నవారు 12 వారాలు నిండాక సాధారణంగా 400కు దిగవచ్చు. సికిల్ సెల్ లాంటి రక్త జబ్బులున్నవారికి పెద్ద మోతాదే కాన్పుదాకా కొనసాగిస్తారు, కాబట్టి ఈ దిగడం డాక్టరు చెప్పాకే.

భర్త కూడా వేసుకోవాలా అని అడుగుతుంటారు. పిల్లల కోసం చికిత్స తీసుకుంటున్న దంపతుల్లో మగవారికి రోజుకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్, 30 మిల్లీగ్రాముల జింక్ ఇచ్చి చేసిన పరిశోధన ఫలితం 2020లో వచ్చింది. వీర్యం నాణ్యతా పెరగలేదు, కాన్పులూ పెరగలేదు. ఆ ఖర్చు మిగుల్చుకోవచ్చు. రోజూ మాత్ర గుర్తుచేసే పని ఆయనకు అప్పగించండి.

గర్భస్రావం అయితే, మళ్లీ ప్రయత్నించే ఉద్దేశం ఉన్నంతవరకు మాత్ర ఆపనక్కర్లేదు. నిల్వలు తగ్గకుండా ఉంటాయి. కాన్పు అయ్యాక కూడా ఇదే వర్తిస్తుంది. పాలిచ్చే రోజుల్లో నెలసరి తిరిగి మొదలుకాకముందే అండం విడుదల కావచ్చు. అప్పుడు తప్పడానికి నెలే ఉండదు కాబట్టి, గర్భం వచ్చిన సంగతి తెలిసేసరికి చాలా వారాలు గడిచిపోతాయి. గర్భనిరోధక పద్ధతి ఏదీ పాటించనివారు పాలిస్తున్నన్నాళ్లూ 400 మైక్రోగ్రాముల మాత్ర కొనసాగించడమే మంచిది.